ముఖం మీదికొస్తే మాయం

పలాస కాశీబుగ్గలో, జీడిపప్పు దుకాణాల వెనక సందులో ఒక ఫొటో స్టూడియో ఉంది. ముందు గదిలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తారు, దానికేం భయం లేదు. వెనక గది సంగతే వేరు. పొద్దు గూకాక ఆ గదిలోకి వెళ్లమంటే అక్కడ పనిచేసేవాళ్లకి ఉన్నట్టుండి వేరే పనేదో గుర్తొస్తుంది.

ఆ గదిలో ఉమామహేష్ ఇరవై ఏళ్లు కూర్చున్నాడు. పెళ్లి ఆల్బములు, పోయినవాళ్ల పటాలు, అన్నీ అతని చేతిమీదుగా నడిచాయి. కిడ్నీలు పాడై ఒక ఎండాకాలంలో అతనూ పోయాడు. ఆ ఏడు దసరాకి యజమాని జయకృష్ణ అతని కంప్యూటరుకి భక్తిగా ఆయుధపూజ చేశాడు. ఆ మర్నాటి నుంచే మొదలైంది...

పెళ్లి ఫొటో తెరిస్తే ఏ గొడవా ఉండదు. పోయినవాళ్ల పాత ఫొటో తెరిచి మౌసుని మొహం మీదికి తెస్తే మాత్రం — తెర మీద మౌసు గుర్తు మాయం. పక్కకి లాగితే కనిపిస్తుంది. మళ్లీ మొహం మీదికొస్తే ఉండదు. ఆ మొహాలని ఉమామహేష్ ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదని సందంతా చెప్పుకున్నారు. ఇద్దరు ఆపరేటర్లు పని మానేశారు. రెండోవాడు నిరంజన్ చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడట. నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను.

మూడో మనిషి దయామణి. టెక్కలి పిల్ల, బాప్టిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. దెయ్యాల్లేవు, గియ్యాల్లేవు అని అందరి ముందూ గట్టిగా అనేది. అంత గట్టిగా అనేవాళ్లకి లోపల ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు.

నవంబరులో తుపాను పట్టిన రోజు. జయకృష్ణ మిగతావాళ్లని తీసుకుని సోంపేటలో పెళ్లి ఫొటోలకి వెళ్లాడు. చీకటి పడింది, కరెంటు పోయింది, ఇన్వర్టరు మీద ఒక్క దీపం వెలుగుతోంది. దయామణి షట్టరు దించబోతుంటే తడిసిన చీరతో ఒక పెద్దావిడ లోపలికొచ్చింది.

పేరు అసిరమ్మ. వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటల ఊరు. కొడుకు ఢిల్లేశ్వరరావు పోయి పది రోజులైంది, తెల్లారితే పెద్దకర్మ. దండ వెయ్యడానికి పటం కావాలి. మరిది ఆటోలో బయట కూర్చుని, రోడ్డు మీదికి నీళ్లొచ్చేలోపు వెళ్లిపోవాలని తొందరపెడుతున్నాడు.

ఫోనులో ఫొటోలు లేవా అని దయామణి అడిగింది. బోలెడున్నాయి. అన్నీ డయాలసిస్ మొదలయ్యాక తీసినవి. ఉబ్బిన మొహం, నల్లబడిన చర్మం.

"ఆ జబ్బు మొకం గోడకెట్టుకుని రోజూ సూడలేనమ్మా," అంది అసిరమ్మ.

కొంగుముడిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఒకే ఒక్క ఫొటో. స్నేహితుడి పెళ్లిలో నవ్వుతూ నిలబడ్డ కుర్రాడు. చెమ్మకి పాడై ఎడమ కన్ను నుంచి బుగ్గ దాకా తెల్లటి మచ్చ పాకింది. ఆరోగ్యంగా ఉన్న కొడుకు లోకంలో ఇక ఆ కాగితం మీదే మిగిలాడు.

వద్దని చెప్పడానికి దయామణికి నోరు రాలేదు. ఆమెని తీసుకుని వెనక గదిలోకి నడిచింది.

ఫొటోని కంప్యూటరులోకి ఎక్కించింది. పాతవాటిని ముందు నలుపు తెలుపు చేసి, బాగుచేశాక రంగులద్దడం ఉమామహేష్ పెట్టిన పద్ధతి. అలాగే చేసింది. మౌసు కదిపింది. తెర అంచున సన్నటి గీతలతో చిన్న సిలువలాంటి గుర్తు కనిపించింది. సిలువే కదా అని కొంచెం ధైర్యం తెచ్చుకుంది. దాన్ని మెల్లగా బుగ్గ మీదికి తెచ్చింది...

లేదు.

పక్కకి లాగింది. ఉంది. బుగ్గ మీదికి తెచ్చింది. లేదు.

వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. వెనక్కి చూస్తే గోడ తప్ప ఏమీ లేదు.

మౌసు మార్చింది. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. సెట్టింగుల్లోకి వెళ్లి గుర్తుని పెద్ద గుండ్రంగా పెట్టింది — మళ్లీ అదే సన్నటి సిలువ. మచ్చలు దిద్దే బ్రష్షు సైజు పెంచింది, తగ్గించింది. సాఫ్టువేరుని మొదటికి మార్చేసింది. ఏం చేసినా మొహం మీదికి రాగానే మాయం. గుడ్డిగా ఒక నొక్కు నొక్కింది. మచ్చ పోలేదు సరికదా, బాగున్న కుడికన్ను కూడా చెరిగిపోయింది. గబగబా వెనక్కి తెచ్చింది.

నిరంజన్‌కి ఫోను చేసింది. అతను గుసగుసగా మాట్లాడాడు, తన ఇంట్లో కూర్చుని కూడా.

"అక్కా... ఆ మిసను ఆపేసి ఎల్లిపో. మహేషన్న ఒప్పుకోడు."

ఇన్వర్టరు కీచుమంది. ఇంకో పావుగంట కన్నా రాదు. బయట ఆటో హారను మోగింది. అసిరమ్మ తెర మీది కొడుకునే చూస్తోంది. ఆ చూపుని దయామణి భరించలేకపోయింది. ప్రభువా, ఈ ఒక్క మొహం ఇప్పించు అని లోపల్లోపల ఏడ్చింది.

ఇక చేతకాదు. ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసి ఇచ్చేద్దామని, దాచడానికి ఫైలుకి బిల్లు నంబరు కొట్టబోయింది. ఆ గదిలో ఏ ఫైలుకైనా నంబరే. అదీ ఉమామహేష్ పద్ధతే.

"ఏటమ్మా అది?"

"నంబరమ్మా. మళ్లీ ఎతుక్కోడానికి."

అసిరమ్మ చెయ్యి వచ్చి దయామణి మణికట్టు మీద పడింది.

"నంబరొద్దు తల్లీ. ఆసుపత్రిలో మూడేళ్లు ఏడో నంబరు, ఏడో నంబరనే పిలిసినారు నా కొడుకుని. ఇంకానా? పేరెట్టు."

దయామణి నంబరు చెరిపేసింది. ఇంగ్లీషులో ఢిల్లేశ్వరరావు అని కొట్టింది.

అక్షరాలన్నీ పెద్దవి పడ్డాయి. ఒక్కటీ చిన్నది లేదు.

చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ పెద్దవే... ఆమె చూపు నెమ్మదిగా కీబోర్డు మీదికి దిగింది. కుడిపక్క చిన్న లైట్లుండే చోట మందపాటి కుంకుమబొట్టు. ఎడమపక్క మీటల మీద ఇంకొకటి. దసరానాడు జయకృష్ణ గంధం ముద్ద పెట్టి, కుంకుమ అద్దినవి. గురువులాంటి ఉమామహేష్ వస్తువని ముందున్న ఇద్దరూ వాటిని తుడవలేదు. చర్చి మనిషి బొట్టు చెరిపిందన్న మాట వస్తుందని దయామణీ తుడవలేదు.

"నన్ను సమించు మహేషన్నా," అని గోరుతో కుడివైపు బొట్టు గీకింది.

కింద పచ్చటి దీపం వెలుగుతోంది. దసరా నుంచీ వెలుగుతూనే ఉంది.

క్యాప్స్‌లాకు.

ఎడమ బొట్టు గంధం కారి, పెద్దక్షరాలు పడేసే ఆ మీట కిందికి అతుక్కుపోయింది. ఎన్నిసార్లు ఆపి వేసినా మళ్లీ పడిపోతోంది. అది పడి ఉంటే బ్రష్షు గుండ్రం పోయి సన్నటి సిలువ వస్తుంది. రంగుల ఫొటోల మీద ఆ సిలువ కనిపిస్తుంది. బూడిదరంగు మొహాల మీద కలిసిపోతుంది. పాతబడి బూడిదరంగు పడేవి పోయినవాళ్ల మొహాలే కదా.

జడలోంచి పిన్ను తీసి మీటని పైకి లేపింది. టక్కుమంది. దీపం ఆరింది. ఢిల్లేశ్వరరావు బుగ్గ మీద గుండ్రటి గీత నిలబడింది.

ఆ తర్వాత దయామణి చేతులు ఆగలేదు. బాగున్న కన్ను చూసి రెండో కన్ను దిద్దింది. రంగులద్దింది. ఇన్వర్టరు ఆఖరి కీచు పెట్టేవేళకి ప్రింటరులోంచి కాగితం బయటికొచ్చింది. అసిరమ్మ దాన్ని ఫోను వెలుగులో చూసుకుంది. ఇన్నాళ్లూ లేని ఎడమకన్ను మీద బొటనవేలితో నెమ్మదిగా రాసింది.

"ఒచ్చినావా నాన్నా," అంది. అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు దయామణి సంగతంతా చెప్పినా జయకృష్ణ నమ్మలేదు. బొట్టు వల్ల దోషమెలా వస్తుందన్నాడు. పోయినవాణ్ణి పేరుపెట్టి పిలిచినందుకే ఉమామహేష్ శాంతించాడని సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు. దయామణి వాదించదు.

ఎందుకంటే ఆ రాత్రి ఆటో వెళ్లిపోయాక, కరెంటొచ్చాక, ఆమె ఇంటికి పోకుండా ఆ గదిలోనే ఇంకాసేపు కూర్చుంది. పాత ఫైళ్లన్నీ వెతికి, నాలుగువేల నాలుగువందల పదిహేడో నంబరు కింద ఉమామహేష్ పటం పట్టుకుంది. ఆ నంబరు చెరిపేసి, అతని పేరు కొట్టి, దీపం ఆర్పి ఇంటికెళ్లింది.