రెండు గుండ్రాల మధ్య జాగా

చుంచన్‌లో పొద్దుటి మంచు ఇంకా విడవలేదు. బోంగ్‌సున్ వంటింటి నేల మీద పాత పేపరు పరిచి వెల్లుల్లి వలుస్తోంది. వలవడం కంటే వంకలు పెట్టడం ఎక్కువ. శనివారం కిమ్చీ పెట్టాలి, చలికాలమంతా తినే క్యాబేజీ ఊరగాయ. ఆ వారమంతా ఆవిడ కంటికి ఎవరూ ఆనరు.

కోడలు మిరాన్ ముల్లంగి కోరుతూ చాలాసేపటి నుంచి గొంతు సవరించుకుంటోంది.

"అత్తయ్యా, ఈ శనివారం హేనమ్ వెళ్ళొస్తాను. మా అమ్మా ఆ రోజే పెడుతోంది. మోకాళ్ళ నొప్పితో లేవలేకపోతోందట, ఒక్కతే..."

"పెట్టుకోవద్దను. ఆ చేపల ఊటని కిమ్చీ అంటారా? పోయినేడు ఆవిడ పంపిన డబ్బా మూత తీస్తే, పై అంతస్తు వాళ్ళొచ్చి డ్రైనేజీ పొంగిందా అని అడిగారు!"

మిరాన్ మొగుడనేవాడు సోఫాలో ఫోను చూసుకుంటూ వినపడనట్టు కూర్చున్నాడు. ఆ విద్య ఒక్కటే అతనికి బాగా వచ్చు.

పేపరు చివర బోర్లా పడుకుని మనవరాలు యేరిన్ రెండు గుండ్రాలు గీసింది, ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కేట్టు. బళ్ళో పోలికలూ తేడాలూ చూపిస్తూ వ్యాసం రాయాలి. రాసే ముందు తోచిందల్లా గుండ్రాల్లో పడేయమంది టీచరు. తేడాలు చెరో పక్కా, కలిసేవి మధ్యలో.

"దేని మీదే రాత?"

"నీ మీదా, బయటి మామ్మ మీదా."

నాన్నని కన్నావిడ ఉత్త మామ్మ, అమ్మని కన్నావిడ బయటి మామ్మ. ఆ 'బయటి' దగ్గర బోంగ్‌సున్ ఎప్పుడూ కాస్త ఒత్తి పలికేది.

"నాకూ ఆ బయటి మామ్మకీ పోలికా! సరే రాసుకో. నేను ఉప్పు రొయ్యలతో పెడతాను, తేటగా ఉంటుంది. ఆవిడది నల్ల కషాయం. నాకు పద్ధతి తెలుసు, ఆవిడకి అరవడం తెలుసు."

పిల్ల అన్నీ రాసింది. పక్కలు నిండిపోయాయి.

"మధ్యలో ఏమీ రాలేదు మామ్మా."

"రాదు. ఖాళీగా ఒదిలెయ్."

"టీచరు ఒప్పుకోదు. ఒక్కటైనా కలవకపోతే పోల్చడమే కుదరదట."

"మీ టీచరు కిమ్చీ కొనుక్కు తినే రకమై ఉంటుంది!"

మిరాన్ చేతిలో ముల్లంగి కింద పెట్టేసింది. "మా అమ్మ కిమ్చీని ఏమైనా అనండి, పడతాను. పెళ్ళయ్యాక ఆవిడ పక్కన కూర్చుని ఒక్క ఆకుకి కారం పూయలేదు నేను. వచ్చే ఏడు ఆవిడ పెట్టగలదో లేదో!"

"కోడలు ఏ ఇంట్లో ఉండాలో నేను చెప్పాలా? ఆవిడ పేరులోనే ఉంది కదా, బయట అని!"

అంతలో ఫోను మోగింది. చేతులకి వెల్లుల్లి జిగురని బోంగ్‌సున్ స్పీకరు పెట్టింది. కూతురు మున్‌హీ.

"అమ్మా, ఈసారీ రాలేను. మా అత్తగారింట్లో అదే రోజు. కోడలు లేకపోతే ఎలా అంటోంది ఆవిడ. ఇదుగో, నీ మనవరాలు బోమీ మాట్లాడుతుందట."

"బయటి మామ్మా! మాకు కిమ్చీ పంపవా?"

బోంగ్‌సున్ వెల్లుల్లి చేత్తోనే ఫోను ఆపేసింది.

"దొరికింది!" అంటూ యేరిన్ వంగి మధ్య జాగాలో గబగబా రాసి, పైకి చదివింది. "ఇద్దరూ బయటి మామ్మలే. కిమ్చీ పెట్టే రోజు ఇద్దరి కూతుళ్ళూ రారు."

బోంగ్‌సున్ వలిచిన రెబ్బనే మళ్ళీ వలుస్తూ ఉండిపోయింది. గోళ్ళ మధ్య అది నలిగి నీరయింది.

"మిరాన్."

"చెప్పండత్తయ్యా."

"శుక్రవారం బస్సుకి టికెట్ తీసుకో."

మిరాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకు, ముల్లంగి ఉప్పగిల్లుతుంది. ఆ రొయ్యల జాడీ పట్టుకెళ్ళు. ఒక్క డబ్బా అయినా మనుషులు తినేట్టు పెట్టమను." సోఫా వైపు తిరిగింది. "ఒరేయ్, శనివారం కారం పూసే గ్లౌజులు నువ్వు తొడుక్కో. కన్నందుకు ఒక్కసారైనా పనికి రా."

కొడుక్కి ఆ మాట మాత్రం వినపడింది.

బోంగ్‌సున్ గోడ పట్టుకుని, మూలుగుతూ లేవబోయింది. లేవలేక మళ్ళీ చతికిలబడింది. కాసేపు ఆ గుండ్రాల వంకే చూసి, పిల్ల వైపు చెయ్యి చాచింది.

"ఏదీ, ఆ పెన్సిలిలా ఇవ్వు. మధ్యలో ఇంకోటి రాయాలి."

"ఏం రాస్తావు మామ్మా?"

"మోకాళ్ళు."