కొత్త రంగు పూసిన చెక్క చేప

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి ఏజెంట్ బాబ్జీ సింగపూర్ తిండి స్టాళ్ల బజారు యీషున్ హాకర్ సెంటర్‌లో చేప నూడుల్స్ తింటున్నాడు. ఒంటిమీద షిప్‌యార్డ్ ఓవరాల్. పక్కన హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన గొడుగు. వాన తప్ప అన్నీ ఆపుతుంది.

పొద్దున చీఫ్ జగన్మోహనరావు బ్రీఫింగ్ రెండు ముక్కల్లో తేల్చేశారు. సింగపూర్‌లో మన తొమ్మిదిమంది ఏజెంట్ల పేర్లున్న చిప్‌ని విదేశీ ముఠా ఒకటి గాలానికి కట్టే పాతకాలం చెక్క చేప, అంటే ఎర, దాని పొట్టలో దాచింది. ఒంటిగంటకి అది చేతులు మారి హాకర్ సెంటర్ దాటితే సాయంత్రానికి తొమ్మిది శవాలు. మొదటి పేరు బాబ్జీదే. అది విని బాబ్జీ ఆవులించాడు.

"నేనే ఎందుకు సార్?"

"పెళ్లిచూపులు ఎగ్గొట్టి చెక్క చేపల వేలానికి వెళ్లింది డిపార్ట్‌మెంట్ మొత్తంలో నువ్వొక్కడివే."

పాత ఎరలు సేకరించేవాళ్లు ప్రతి శనివారం ఇక్కడే చేరతారు. టిష్యూ ప్యాకెట్‌తో చోప్ చేసిన, అంటే ముందే ఆపుకున్న, టేబుల్ మీద రాజకుమారి ఒక్కో ఎర ఉన్న మూడు అట్టపెట్టెలు పేర్చింది. ఎర్రచీర, నల్ల కళ్లద్దాలు. ముఠాలో మన మనిషి. కొనడానికి వచ్చిన తెల్లసూటువాడు ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ సాస్ కోసం వచ్చినట్టు బాబ్జీ పక్కకొచ్చింది.

"మకాన్ తినడం అయిందా అంకుల్?"

"ముల్లు గుచ్చుకుంది."

కోడ్ సరిపోయింది. "మధ్యది," అని గొణిగి వెళ్లింది.

బాబ్జీ బేరగాడిలా టేబుల్ దగ్గరికెళ్లి మధ్యది తీశాడు. వందేళ్ల ఎర. రంగు సన్నగా బీటలు వారింది. పెట్టె మీది మోడల్ నంబరూ దీనిదే. దీని పొట్ట ఎవరూ కోయలేదు. తెల్లసూటువాడు జేబులో వేసుకుంటున్న దాన్ని చూశాడు. ఎర్రతల ఎర బొమ్మున్న పెట్టెలో ఆకుపచ్చ చేప. పొట్ట మీద మెరిసే కొత్త ఎనామిల్.

తొమ్మిది ప్రాణాలు పోతాయన్నప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. చెవుల్లోంచి పొగలొచ్చాయి, మాంసం పుల్లలు కాల్చే సాటే స్టాల్‌వాడు తన పొయ్యిదే అనుకుని విసనకర్ర ఆపాడు.

"వందేళ్ల చేప పొట్ట కోసి, గేటుకేసే పెయింట్ కొడతావా? పైగా పరాయి పెట్టెలో పెడతావా?"

"పెయింటే కదా, ఎవరు చూస్తారు?" అనేసి రాజకుమారి నాలుక కరుచుకుంది. ఆవిడ ఎవరి మనిషో తేలిపోయింది.

తెల్లసూటువాడు టాక్సీ వైపు పరుగెత్తాడు. ఒంటిగంటకి పది సెకన్లు. బాబ్జీ మీట నొక్కితే గొడుగు గేలపు కర్ర అయింది. ఇంకొకడైతే చేతిలో ఉన్న ఎరనే విసిరేవాడు. బాబ్జీ దాన్ని పెట్టెలో పడుకోబెట్టి, మూత పెట్టి, జేబులోంచి ప్లాస్టిక్ ఎర తీసి కట్టాడు. అంతసేపూ తొమ్మిది ప్రాణాలు ఓపిగ్గా ఆగాయి. ఒక్క సెకను ఉందనగా గాలం కాలర్‌కి తగిలింది. పద్నాలుగు టేబుళ్ల మీదుగా వాణ్ణి లాక్కొచ్చాడు. ఒక్క టిష్యూ ప్యాకెట్ కూడా కదల్లేదు.

కాసేపటికి ముఠానీ, మూడు పెట్టెల్నీ మనవాళ్లు పట్టుకెళ్లారు. సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి తెగ మెచ్చుకున్నారు. బాబ్జీ ఒక్కటే అడిగాడు.

"ఆ మధ్య పెట్టె భద్రమేనా సార్?"

"బ్రహ్మాండం. మూతమీద ఎవిడెన్స్ స్టిక్కర్ కూడా అంటించాం, గట్టి గమ్‌తో."

వందేళ్ల పెట్టె మీద గమ్ అనగానే బాబ్జీ చెవుల్లోంచి మళ్లీ పొగలొచ్చాయి.

"అంటించినవాడి పేరు చెప్పండి సార్," అని గొడుగు అందుకున్నాడు.