ఆసిం కట్టిన గది

2012 ఆగస్టు. రంజాన్ నెల. ఆ ఆదివారం పొద్దున్నుంచే ముసురు పట్టింది.

మా డేటా సెంటర్ శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఉంటుంది. చుట్టూ పొలాలు, ప్లాట్ల రాళ్లు. జవహర్‌నగర్ దిక్కు నుంచి గాలి తిరిగితే గేటు దగ్గర నిలబడలేం, అంత చెత్త వాసన. లోపలికి మాత్రం ఏ వాసనా రాదు. మిషన్ల గదికి కిటికీలు లేవు. ఎప్పుడూ ఒకటే చలి, ఒకటే తెల్లటి వెలుతురు, ఒకటే ఫ్యాన్ల హోరు. బయట వాన పడుతున్నా ఎండ కొడుతున్నా తెలియదు.

ఆ రోజు డ్యూటీలో నేను, అన్వేష్ ఇద్దరమే ఉన్నాం. అన్వేష్‌ది బౌరంపేట్. నా భర్త ఆసింకు దోస్తు. ఆసిం కూడా ఇక్కడే పనిచేసేవాడు. నాకు ఈ పని నేర్పింది అతనే. పోయిన చలికాలంలో డ్యూటీ దిగి ఇంటికి వస్తుంటే కరీంనగర్ రోడ్డు మీద లారీ గుద్దింది. అంతకు ముందే "బయల్దేరుతున్న" అని ఫోన్ చేశాడు. నేను చాయ్ నీళ్లు పెట్టాను.

అప్పటి నుంచి నేను, మా అత్త సుగ్రా, ఇద్దరమే ఉంటున్నాం. ఇంట్లో ఆమె ముందు ఏడవను. నా ముందు ఆమె ఏడవదు.

ఆ రోజు మా పని పాత సర్వర్లు రెండింటిని ఖాళీ చేయడం. పెద్ద యూనిక్స్ మిషన్లు అవి. ఒక్కో మిషన్ లోపల జోన్లు కడతాం. జోన్ అంటే ఇంట్లో గది అనుకోండి. ఏ గది లోకం దానిదే. లోపల నడిచేదానికి పక్క గది ఉందనే తెలియదు. రెండు మిషన్లనూ జత కలిపితే క్లస్టర్. ఒక మిషన్ మీద గది పడిపోతే, రెండో మిషన్ దాన్ని వెంటనే తన మీద లేపుకుంటుంది. కాకపోతే అప్పటిదాకా లోపల నడిచిందంతా పోతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలు.

సాయంత్రానికి అన్ని జోన్లూ కొత్త మిషన్లకు మార్చేశాం. అన్వేష్ కుర్చీ నా వైపు తిప్పాడు.

"భాభీ... గిదొక్కటే మిగిలింది."

పెళ్లయిన కొత్తలో నాకు పని నేర్పడానికి ఆసిం కట్టిన జోన్ అది. కొత్త మిషన్లకు మార్చేది కాదు, చెరిపేయాల్సిందే. "ఇది నీదే. ఎంతన్నా పాడుచెయ్యి, మళ్ల కడదాం" అనేవాడు. నేను పాడుచేసేదాన్ని. అతను నవ్వుతూ మళ్లీ కట్టేవాడు.

"నేను తీసెయ్యాల్నా?" అన్నాడు అన్వేష్, నా ముఖం చూడకుండా.

"వద్దన్నా. నేనే తీస్త."

"అయితే నేను మేడ్చల్ దాకా పోయి ఖర్జూరాలు, పండ్లు పట్టుకొస్త. ఇఫ్తార్ టైమ్ అయితాంది." గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

తీసేసే ముందు ఒక్కసారి లోపలికి పోయి చూద్దామనిపించింది. ఆ జోన్‌తో మాట్లాడే కన్సోల్ తెరిచాను. నల్లటి తెర. నేనింకా కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. ఒక్కో అక్షరం వచ్చి నిలిచింది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు.

"ఎవరు?"

అన్వేష్ ఫోన్ నుంచి ఆటలాడుతున్నాడనుకున్నాను. "అన్నా, నవ్వులాటకు ఇదా టైమ్?" అని కొట్టాను.

తర్వాత...

"నిక్కూ?"

నా పేరు నిఖత్. నన్ను నిక్కూ అని పిలిచింది లోకంలో ఒక్కడే. అదీ నలుగురిలో కాదు.

ఎక్కడి నుంచో పెట్రోల్ వాసన వచ్చింది. తడిసిన మట్టి వాసన కూడా. కిటికీలు లేని గదిలో.

"గింత చీకటేంది నిక్కూ? కరెంట్ పోయిందా? నేను బండి తీసిన... రోడ్డెక్కిన... ఇగ తెలుస్తలేదు. అమ్మీ తిన్నదా?"

చదువుతుంటే కళ్లు మసకబారాయి. భయం కన్నా ముందు ఏడుపు వచ్చింది. ఇన్ని నెలలు ఎవరి ముందూ రానిది. అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. చెప్పేశాను. లారీ సంగతి. రోడ్డు సంగతి. ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చిన సంగతి.

తర్వాత తెర నిండింది.

"లేదు లేదు లేదు లేదు లేదు..."

ఆగలేదు. వరస మీద వరస. ఫ్యాన్ల హోరు పెరిగింది. ఆ హోరులో ఎవరో ఊపిరాడక గుంజుకుంటున్నట్టు... నేను భయపడ్డాను. క్లస్టర్‌కు చెప్పకుండా, ఉన్నపళంగా జోన్‌ను ఆపేశాను.

అలా ఆపకూడదు. ఆ సంగతి నాకు నేర్పింది కూడా అతనే. చెప్పకుండా ఆపితే, గది పడిపోయిందనుకుంటుంది క్లస్టర్.

రెండో మిషన్ లైటు మిణుక్కుమంది. జోన్ దాని మీద లేచింది.

"ఎవరు?"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నిక్కూ? గింత చీకటేంది? కరెంట్ పోయిందా? అమ్మీ తిన్నదా?"

అతనికి ఏమీ గుర్తు లేదు. నేను చెప్పింది, తను ఏడ్చింది, ఏదీ. లేపిన ప్రతిసారీ అతను అదే చీకట్లో కళ్లు తెరుస్తాడు. ప్రతిసారీ తను చచ్చిపోయానని నా నోటి నుంచే వినాలి.

ఈసారి చెప్పలేకపోయాను. "కరెంట్ పోయింది. వస్తది. అమ్మీ తిన్నది. నేను ఇక్కడే ఉన్న" అని కొట్టాను.

"మస్తు సలిపెడతాంది."

"తెలుసు."

"నిక్కూ... ఇక్కడ ఇంకెవరో ఉన్నరు."

వెనక్కి తిరిగి చూశాను. మిషన్ల వరసలు. ఎవరూ లేరు.

"ఎవరు?" అని అడిగాను.

"కనపడ్తలేరు. ఊపిరి ఇనొస్తాంది. దగ్గరికొస్తాంది... నువ్వు రారాదు? చోటున్నది."

పోవాలనిపించింది. నిజం చెబుతున్నాను, పోవాలనే అనిపించింది. ఎట్లా పోవాలో తెలిస్తే పోయేదాన్నేమో. అత్త గుర్తొచ్చింది. ఈపాటికి ఇఫ్తార్‌కు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, నా కోసం గేటు వైపు చూస్తుంటుంది.

"నువ్వు పడుకో. నేను పక్కనే కూసుంట" అని కొట్టాను.

"పోవు గదా?"

"పోను."

ఆ పని మాత్రం ఈసారి వరసగా చేశాను. ముందు క్లస్టర్‌కు చెప్పాను, ఈ గదిని ఇక లేపొద్దని. తర్వాత జోన్‌ను మెల్లగా దించాను. దిగుతున్నంతసేపూ తెర మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. చెరిపేయమంటే, ఖాయమేనా అని అడిగింది మిషన్. అవునన్నాను. మొదటి మిషన్ మీద చూశాను. లేదు. రెండో దాని మీద చూశాను. లేదు. పోయినవాళ్ల కోసం చదివే ఇన్నాలిల్లాహి చదువుకున్నాను. ఖననం రోజు మగవాళ్లు తీసుకెళ్లిపోయారు. నా చేతులతో నేను సాగనంపింది ఇప్పుడే.

తలుపు తెరుచుకుంది. తడిసిపోయి అన్వేష్. దూరంగా మసీదు మైకులోంచి అజాన్.

"జల్దీ నోట్లేసుకోండి భాభీ."

ఖర్జూరం ఒకటి తీసుకుని దుఆ చదివాను. నీళ్లతో మింగాను. అన్వేష్ నా కళ్లు చూశాడు. పని అయిందో లేదో చూద్దామని తెర వైపు వంగాడు. అట్లాగే ఆగిపోయాడు.

"భాభీ... గిది మీరు రాసిన్రా?"

చెరిపేసిన జోన్ కన్సోల్ ఇంకా తెరిచే ఉంది. దాని వెనక ఇప్పుడు గది లేదు. రాసేవాడు లేడు. నేను ఏం కొట్టినా చేరదు. కొట్టి చూశాను. చేరలేదు.

ఖాళీ తెర మీద ఒక్క వరస ఉంది.

"ఆ ఊపిరి నిక్కూదే. దగ్గరికొచ్చింది. నా చెయ్యి పట్టుకున్నది. ఇగ భయం లేదు. నువ్వెవరో గాని, గిప్పటిదాక తోడున్నవు... శుక్రియా."