అలారం క్లాసులో దొంగదారి

వెంటిలేటర్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఇంజనీర్ రాకేష్‌ని అమెరికాలోని హెర్న్‌డన్‌లో, అతని ఆఫీసు పార్కింగ్ లాట్‌లోనే కాల్చి చంపారు.

"వెంటిలేటర్ల సాఫ్ట్‌వేర్‌లో ఎవరో చొరబడ్డారని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మనం విన్నామా?" ఏజెంట్ ఉజ్వల బల్ల గుద్దింది.

చీఫ్ పరంధామయ్య తలెత్తలేదు. "విదేశీ ముఠా పని. మధ్యాహ్నం కొత్త వెర్షన్ హాస్పిటల్స్‌కి రిలీజ్ అవుతుంది. ఆడిటర్ వేషంలో ఆష్‌బర్న్‌ కంపెనీకి వెళ్ళు. లోపల మన ఏజెంట్ తార ఉంది. కోడ్ వర్డ్, గొడుగు తెచ్చారా. జవాబు, ఎండకే తెచ్చాను."

కంపెనీలో ఉజ్వల గొడుగు మాట అనగానే తార జవాబు తడుముకోకుండా చెప్పింది. సిల్క్ బ్లేజర్, ఖరీదైన సెంటు, మత్తెక్కించే నవ్వు. గోడ మీది డాష్‌బోర్డ్ అంతా గ్రీన్.

"క్లాసుల మధ్య, అంటే ఈ కోడ్ భాగాల మధ్య, లింకుల యావరేజ్ చూడండి, ఎంత తక్కువో. సూపర్ క్వాలిటీ. రాకేష్ ఉత్త పిరికివాడు, పాపం."

ఉజ్వలకి ఒళ్ళు మండింది. యావరేజ్! ఊరందరితో కలిపి లెక్క కడితే హంతకుడు కూడా బుద్ధిమంతుడే.

తార కాఫీకి వెళ్ళగానే ఉజ్వల, కళ్ళజోడు ఫ్రేములో దాచిన డ్రైవ్‌ను సిస్టమ్‌కి తగిలించింది. ఏ క్లాసు ఎన్నింటితో ముడిపడి ఉందో విడివిడిగా లెక్క తీసింది. 'అలారం' దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. గంట మోగించడమే ఆ క్లాసు పని. ఒకటి రెండు లింకులు చాలు. అది మాత్రం ఆక్సిజన్ వాల్వ్ దాకా అన్నింట్లోనూ వేలు పెట్టింది. కోడ్ తెరిచింది. బయటినుంచి సిగ్నల్ అందగానే వాల్వ్ మూసేస్తుంది. గంట మాత్రం మోగనివ్వదు.

వీపుకి చల్లగా పిస్టల్ తగిలింది.

"చేతులు తియ్," అంది తార. "రిలీజ్ మొదలైంది."

"రాకేష్ నిన్ను నమ్మాడే!"

"అందుకే పని సులువైంది."

ఉజ్వల కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడింది. గుండు సీలింగ్‌లోకి దూసుకుపోయింది. తార మణికట్టు విరిచి, మోకాలితో నేలకి అదిమిపెట్టి, ఒక్క చేత్తో కీబోర్డ్ లాక్కుంది. యావరేజ్ బాగుంటే రిలీజ్ చెయ్యమనే రూల్ తీసేసింది. ఏ ఒక్క క్లాసు లింకులు హద్దు దాటినా ఆపెయ్యమని రాసి ఎంటర్ నొక్కింది.

ప్రోగ్రెస్ బార్ నిండబోతూ ఆగింది. స్క్రీన్ ఎర్రబడింది. రిలీజ్ రిజెక్టెడ్.

పిస్టల్ మోత విని కాదు, ఆ ఎరుపు చూసి పరిగెత్తుకొచ్చాడు మేనేజర్ ఉమాకాంత్.

"రిలీజ్ ఆపిందెవరు? ఇప్పుడు పేషెంట్లకి నేనేం చెప్పాలి?"

ఉజ్వల తార చేతులకి బేడీలు బిగించింది.

"ఊపిరి పీలుస్తూ ఉండమని చెప్పండి సార్."