ప్రమాణ మెదడు

పొద్దున్న ఎనిమిదింటికల్లా జామెట్రీ హాలు బయట కవాతు మొదలైపోయింది. లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్! చంద్రుడి మీద కదా, కాస్త గట్టిగా అడుగేస్తే మనిషి జానెడు పైకి లేస్తాడు. అందుకని క్లాసులో అరవై మందీ చెరువులో బాతుల్లా తేలుతూ మునుగుతూ కవాతు చేస్తున్నారు. మధ్యలో ఒక నల్ల డబ్బా చేతులు మారుతోంది. బూట్ పాలిష్! చంద్రుడి మీద తోలు బూట్లేసుకునేవాడు ఒక్కడూ లేడు, అయినా పరీక్షలొస్తే చాలు ఆ డబ్బా కోసం కొట్టుకు చస్తారు.

"ఒక్కసారి వాసన చూడవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా," అంది అఫ్రోజ్, డబ్బా ముక్కు కింద పెట్టేస్తూ.

"పోవే, నువ్వూ నీ మూఢనమ్మకాలూ!" కువలయ తోసేసింది.

"మూఢమో గాఢమో, పోయినసారి నాకు తొంభై ఆరు. నీకెంత?"

జామెట్రీకి టర్ముకో పరీక్ష, కువలయ ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే గురువారం ఓడెక్కి భూమికి పోవడమే, ఊరికే కూర్చోబెట్టి గాలి పీల్పించడానికి ఇక్కడ ఎవడి దగ్గరా ఎక్కువ గాలి లేదు. గుమ్మటాలు కట్టే డిజైన్ టీములో చేరాలని పదేళ్ళ నుంచి కలలు కన్న పిల్ల, ఆ టీముకి తలుపు ఈ ఒక్క కోర్సు.

ఇంతకీ ఆ పరీక్ష మామూలు పరీక్ష కాదు. ఇది 2094. పాత రోజుల్లో ఏ బి సి త్రిభుజాన్ని బట్టీపట్టినవాడికి పి క్యూ ఆర్ ఇస్తే కళ్ళు తేలేసేవాడట, అయినా స్టెప్ మార్కులతో గట్టెక్కేసేవాడట. ఆ రోగానికి మందుగా వచ్చిందే బోధమాపి! చూడ్డానికి టోపీ, లోపల నాలుగు వేల న్యూరల్ సెన్సర్లు. నువ్వు సిద్ధాంతం చెబుతుంటే అది నీ మెదడులో ఏ భాగం ఎప్పుడు వెలుగుతోందో చూసి, అర్థమై చెబుతున్నావా, చిలకలా అప్పజెబుతున్నావా తేల్చేస్తుంది. అర్థమైతే టోపీ మీద దీపం నీలం, బట్టీ అయితే పసుపు. అరవై శాతం వస్తే పాస్.

ఎక్కడి దాకానో ఎందుకు, మొదటిరోజే ప్రొఫెసర్ కందుల ఉమాపతి బోర్డు మీద రాసేశాడు: "ఈ కోర్సులో నేను ఆశించేది ఒక్కటే. అర్థం చేసుకోండి." రాసి, వెనక్కి తిరిగి, "మీలో సగం మందికి అది చేతకాదు," అన్నాడు.

హాల్లో అందరి ముందూ కువలయని వేదిక మీదికి పిలిచి టోపీ పెట్టారు.

"గోళం మీద త్రిభుజం వైశాల్యం," అన్నాడు ఉమాపతి మొహం కూడా చూడకుండా. "మొదలెట్టు. గురువారం ఓడ ఆగదు."

వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వారు. కువలయ పట్టించుకోలేదు.

"బత్తాయిని మూడుసార్లు, ప్రతిసారీ నడిమధ్య నుంచి, కోసినట్టు అనుకోండి సార్. త్రిభుజం ప్రతి మూల దగ్గరా ఒక తొన, అవతలి పక్క ఇంకో తొన. మొత్తం ఆరు తొనలు. అవి బత్తాయి అంతా కప్పేస్తాయి, కాకపోతే మన త్రిభుజాన్నీ, వెనకున్న దాని జోడీనీ మాత్రం రెండేసిసార్లు ఎక్కువ కప్పుతాయి. తొనల వైశాల్యం కోణాన్ని బట్టి మనకి తెలుసు. అన్నీ కూడి, బత్తాయి తీసేస్తే, మిగిలింది మన త్రిభుజానికి నాలుగింతలు! మూడు కోణాలూ కలిపి నూట ఎనభై కన్నా ఎంత ఎక్కువైతే వైశాల్యం అంత!"

చెబుతుంటే ఆమె చేతులు గాల్లో బత్తాయిని తిప్పుతున్నాయి.

దీపం పసుపు.

"జవాబు సరైనది," అంది బోధమాపి. "గ్రహింపు ముప్పై ఒక్క శాతం."

"బట్టీ," అన్నాడు ఉమాపతి. "దిగు."

కువలయకి ఒళ్ళు మండింది. "దిగను సార్. ఈ ప్రూఫ్ ఏ నోట్సులో ఉందో చూపించండి, అప్పుడు దిగుతా. మీరు చెప్పింది కాదు, ఎవరూ చెప్పలేదు, నేనే హాస్టల్లో బత్తాయి ఒలుస్తూ పట్టుకున్నా. దాన్నెలా బట్టీపడతా?"

"యంత్రం కన్నా నీకెక్కువ తెలుసా?"

"దాన్నే అడుగుదాం. ఏయ్, నా మెదడుని దేంతో పోల్చి చూశావ్?"

"ప్రమాణ మెదడుతో," అంది బోధమాపి.

"ఎవరిదది?"

"ఆ ప్రశ్నకి జవాబు అక్కర్లేదు!" ఉమాపతి బల్ల గుద్దాడు. కానీ పరీక్షలో ఉన్న మనిషి అడిగితే యంత్రం చెప్పి తీరాలి, చట్టం అలా ఉంది.

"ప్రొఫెసర్ ఉమాపతి గారిది. 2071లో నమోదైంది. త్రిభుజం అనగానే ఆయన మెదడులో కాలేజీ రోజుల ఎన్.సి.సి. మైదానం వెలుగుతుంది. భుజం మీద తుపాకీ దిశ మార్చకుండా త్రిభుజం చుట్టూ నడిచొస్తారు. గోళం మీద అయితే తిరిగొచ్చేసరికి తుపాకీ ఎంత పక్కకి తిరిగిందో, వైశాల్యం అంత. దీంతోపాటు కవాతు లయ, బూట్ పాలిష్ వాసన నమోదయ్యాయి."

ఎప్పుడో ఏ సీనియరో గుడ్డిగా కనిపెట్టిన చిట్కా, ఎందుకు పనిచేస్తోందో ఇప్పుడు అరవై మందికీ తెలిసిపోయింది.

"అంటే ఇది అర్థమైందా అని చూడట్లేదు," అంది కువలయ. "మీలాగా అర్థమైందా అని చూస్తోంది!"

"అయితే ఏంటి? నా బదులు నీ బుర్ర పెట్టమంటావా?"

"వద్దు. ఎవరి మెదడుని వాళ్ళకే ప్రమాణంగా పెట్టండి. టీ పెట్టడం లాంటి, వాళ్ళకి బాగా తెలిసిన పని అడిగితే, నిజంగా తెలిసినప్పుడు వాళ్ళ మెదడు ఎలా ఉంటుందో దొరికిపోతుంది. జామెట్రీని దాంతో పోల్చాలి."

"వీలవుతుంది," అంది యంత్రం. టీ గురించి అడిగింది, బత్తాయి మళ్ళీ చెప్పించింది. దీపం నీలం! తొంభై ఏడు!

ఉమాపతి మొహంలో కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు. అయినా తేరుకుని, చిన్నగా నవ్వాడు. "పద్ధతి మార్చాలంటే క్లాసులో సగం మంది ఒప్పుకోవాలి. దానికి ముందు మన టాపర్‌ని కూడా ఒకసారి చూద్దామా? అఫ్రోజ్, రామ్మా."

అఫ్రోజ్ వచ్చింది. టీ గురించి గలగలా చెప్పింది. త్రిభుజం దగ్గరికొచ్చేసరికి సారు పాఠంలోని తుపాకీ, మైదానం, మలుపు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. దీపం పసుపు.

"పన్నెండు శాతం."

ఉమాపతి క్లాసు వైపు తిరిగాడు. "ఇప్పుడు చేతులెత్తండి. కొత్త పద్ధతి ఎవరికి కావాలి?"

కువలయ చెయ్యి ఎత్తింది. చుట్టూ చూసింది. నిన్నటిదాకా మెస్‌లో సారుని బండబూతులు తిట్టినవాళ్ళు కూడా ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. అఫ్రోజ్ నేల చూపులు చూస్తోంది.

"నువ్వు కూడానా?" అంది కువలయ.

"నీకు నిజంగా వచ్చు కదే! మాకు రాదు. తెలీకుండానే సారు బుర్రలా తయారవడానికి రెండేళ్ళు పట్టింది, ఇప్పుడు మా బుర్రలు ఎక్కడ వెతుక్కోమంటావ్? నీ న్యాయం కోసం అరవై మందిమీ ఓడెక్కాలా?" డబ్బా తీసి కువలయ చేతిలో కుక్కింది. "నీ పొగరు తగలెయ్యా, పీల్చవే!"

"పరీక్ష టైం ఇంకా పదినిమిషాలుంది," అన్నాడు ఉమాపతి గడియారం చూస్తూ. "రూలు ప్రకారం ఇంకోసారి చెప్పొచ్చు. పాత పద్ధతిలో."

కువలయ ఆ టోపీ నేలకేసి కొట్టి వెళ్ళిపోదామనుకుంది. రెండడుగులు వేసింది కూడా. కిటికీలోంచి సగం కట్టిన గుమ్మటం కనబడింది, ఉక్కు కమ్మీలు ఎండలో మెరిసిపోతున్నాయి, వాటి మధ్య ఇంజనీర్లు చీమల్లా పాకుతున్నారు. వెనక్కి తిరిగింది.

మూత తీసి గట్టిగా పీల్చింది. వేదికెక్కింది. బత్తాయిని బలవంతంగా బుర్రలోంచి తోసేసి, భుజం మీద తుపాకీ పెట్టుకుని, ఎప్పుడూ చూడని మైదానంలో త్రిభుజం చుట్టూ నడిచింది.

"ఎనభై నాలుగు శాతం," అంది బోధమాపి. క్లాసంతా చప్పట్లు, ఈలలు!

టోపీ తియ్యబోతుంటే ఉమాపతి దగ్గరికొచ్చి, మొదటిసారి మెత్తగా అడిగాడు.

"ఇప్పటికైనా అర్థమైందా అమ్మా?"

"అయింది సార్," అంది కువలయ.

తలమీద దీపం నిండు నీలంగా వెలిగింది.

"నూరు శాతం," అంది యంత్రం.