పులి అని పిలిచిన మంత్రగత్తె

పూర్వం మణిసానువు రాజ్యంలో పొద్దు వాలకముందే ఇళ్ల తలుపులు మూతపడేవి. పక్కనున్న కారడవిలో ఒక పెద్దపులి గాండ్రింపు వినిపిస్తుండేది. వేటకు వెళ్లిన యువరాజు హేమాంగుడు తిరిగి రాలేదు. అతణ్ణి ఆ పులే తినేసిందనుకుని, దాన్ని చంపడానికి రాజు సైన్యాన్ని సిద్ధం చేశాడు.

అన్న చనిపోయాడంటే నమ్మని రాకుమారి వకుళ ఒంటరిగా అడవికి బయలుదేరింది. దారిలో ఒక ముని ఆమెకు అసలు సంగతి చెప్పాడు. ధూమ్ర అనే మంత్రగత్తె దేన్ని ఏ పేరుతో పిలిస్తే అది అలాగే కనిపిస్తుందట. హేమాంగుణ్ణి పులీ అని పిలిచింది ఆమేనట.

"ఆమె మార్చేది రూపాన్నే తల్లీ, గుణాన్ని కాదు. భయపడినా వెనక్కు తీయని చెయ్యి తాకితే ఆ మాయ విడిపోతుంది," అన్నాడు ముని.

కొంత దూరం వెళ్లాక అగ్నినది అడ్డం వచ్చింది. మంటలు చెట్ల ఎత్తున లేస్తున్నాయి. వకుళ కళ్లు గట్టిగా మూసుకుని కాలు పెట్టింది. చల్లటి నీళ్లు మోకాళ్లను తాకాయి.

ఆవలి గట్టున పొదల్లోంచి "పామూ" అని ఎవరో పిలిచారు. వకుళ తన చేతులకేసి చూసుకుంది. చేతులు లేవు. ఒళ్లంతా పొలుసులే. అరవబోతే బుస వినిపించింది. ఇక పాకడమే గతి అనుకుని నేలకు వాలబోయింది. అంతలో మడమలో ముల్లు కసుక్కున దిగింది. పాముకు మడమ ఎక్కడిది? ఆమె కుంటుతూనే ముందుకు నడిచింది.

గుహ ముందు పులి నిలబడి ఉంది. దాని వెనక ధూమ్ర నవ్వుతోంది.

"వణికిపోతున్నావే, పిల్లా. ఇది పులి కాదంటావా?"

"వణుకుతున్నాను. అయినా అతను మా అన్న," అంది వకుళ.

పులి నోరు తెరిచింది. ఆ కోరల మధ్యకే వకుళ చెయ్యి చాచింది. భయమేసినా చెయ్యి వెనక్కు తీయలేదు. వేళ్లకు కోరలు తగల్లేదు. తడిసిన చెంప తగిలింది. హేమాంగుడు ఏడుస్తున్నాడు. ధూమ్ర పొగలా చెదిరిపోయింది.

"నన్ను పులి అనుకోలేదా, చెల్లీ?"

"అనుకున్నానన్నా. నీళ్లలో దిగినప్పటికంటే ఎక్కువ భయపడ్డాను."

అన్నాచెల్లెళ్లు కోటకు చేరారు. కాలక్రమంలో హేమాంగుడు రాజయ్యాడు, వకుళ న్యాయపీఠం ఎక్కింది. దొంగ అంటూ ఎవరిని ఈడ్చుకొచ్చినా ఆమె ముందుగా కట్లు విప్పించి, దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడేది. ఆ తర్వాతే తీర్పు చెప్పేది.