ఆ జాగాలో నిలబడొద్దు

ఫోన్ మోగుతోంది!

స్క్రీన్ మీద తమ్ముడి పేరు. ఓంప్రకాష్.

వీడేంటి ఇప్పుడు? పల్సానా బట్టల మిల్లులో నైట్ డ్యూటీ కదా...

సోమలింగం ఫోన్‌ని చెవికి గట్టిగా ఒత్తుకుంటాడు.

"ఏందిరా తమ్మీ?"

"లైన్లోంచి కదలకు."

తమ్ముడి గొంతు కాదు!

హిందీ. ఎవడో కొత్తవాడు. తొందర లేకుండా మాట్లాడుతున్నాడు.

"ఎవర్రా నువ్వు? నా తమ్ముడేడి?"

"రోడ్డుకి అవతల చూడు. తెల్ల కారు."

చూస్తాడు.

కారు లోపల లైటు వెలుగుతుంది. వెనక సీట్లో ఓంప్రకాష్! పక్కన ఒకడు. వాడి చేతిలో కత్తి. ఆ కత్తి తమ్ముడి మెడ మీద...

లైటు ఆరిపోతుంది.



"హజీరా సార్ కోసం నిలబడ్డావు కదా? ఆయన వస్తాడు. నీ జాగాలోకి వస్తాడు. నువ్వు పక్కకి తప్పుకో. అంతే పని."

"సార్‌ను... ఏం జేస్తరు?"

"ఆయన మొహం మాకు తెలీదు. నీకు తెలుసు. నీ జాగాలో ఎవడు నిలబడితే వాడే! ఎవరికైనా చెప్పావా... ఫోన్ ముట్టుకున్నావా... తమ్ముడు పోతాడు."

కట్!



అసలిదంతా దేనికి? కారు కోసం! అదీ ఇంకా పుట్టని కారు. పెద్ద స్క్రీన్ మీద దాని బొమ్మ తిరుగుతోంది, అంతే. కరెంటుతో నడుస్తుందట. బుకింగ్ మాత్రం మనిషి స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తేనేనట. ముందొచ్చిన వాళ్ళకి ముందట. మంచి ముహూర్తం చూసి తెల్లవారుజామున గేటు తీస్తారట. సూరత్‌లో డబ్బున్న వాళ్ళకి నిద్ర ముఖ్యం. అందుకే వాళ్ళ కోసం నిద్రలేని వాళ్ళు నిలబడ్డారు. అడాజన్‌లో షోరూమ్ ముందు మొదలైన లైను వంతెన దాకా పోయింది.

సోమలింగం నిలబడింది వంశీధర్ సార్ కోసం.

వంశీధర్ హజీరా ఫ్యాక్టరీలో మేనేజర్. కేబుల్ దొంగల ముఠా ఒకటి ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ని చంపింది. అది కళ్ళారా చూసిన సాక్షి ఈయనొక్కడే. వచ్చే వారం కోర్టు. అప్పటిదాకా టౌన్‌షిప్ గేటు దాటొద్దని పోలీసులు చెప్పారు. అయినా వస్తున్నాడు! కారు పిచ్చి... ఏం చెప్పాలి?

కానీ మంచి మనిషి. ఓంప్రకాష్ చెయ్యి లూమ్‌లో, మిల్లు మరమగ్గంలో పడ్డప్పుడు తన బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఈ సారే. వాడు తెలుగువాడని తప్ప సార్‌కి ఇంకేమీ తెలీదప్పటికి.

ఆ చెయ్యి నిలబెట్టిన మనిషిని ఇప్పుడు ఈ చేత్తో చావులోకి తోయాలా?

తోయకపోతే తమ్ముడు...

"దేవుడా!" అంటాడు సోమలింగం పైకే.

"ఏమైంది బేటా? చలేస్తోందా?"

వెనక నుంచి జయంతీకాకా. మంకీ క్యాప్, నోటి చుట్టూ మఫ్లర్, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. రాత్రంతా భజనలు వింటూ మఫ్లర్ కింద గొణుగుతూనే ఉన్నాడు. లైనుకి పెద్దదిక్కు ఆయనే. ఎవడైనా మధ్యలో దూరితే చొక్కా పట్టుకుని బయటికి లాగుతాడు. డబ్బా విప్పి అందరికీ ఢోక్లా పెట్టాడు. భుజం నొప్పంటూ తన గుడ్డ సంచీని సోమలింగం భుజానికే తగిలించాడు. దుప్పటి ఉందట అందులో.

"ఏం లేదు కాకా. మంచిగనే ఉన్న."

గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ గార్డు నడుచుకుంటూ వస్తున్నాడు.

చెప్తే?

చెప్పాలి! ఇతను తప్ప ఇంకెవరున్నారు?

గార్డు దగ్గరికొచ్చాడు. సోమలింగం తల వంచి, పెదవి కదిలీ కదలనట్టు గుసగుసలాడతాడు.

"భాయ్‌సాబ్... ఆ తెల్ల కార్ల..."

ఫోన్!

గార్డు ఆగకుండా దాటిపోతాడు.

"చెప్పొద్దన్నానా లేదా?" అదే గొంతు. "తెల్ల కార్లో ఏంటి? చెప్పు... చెప్పు!"

ఫోన్లో కేక. ఓంప్రకాష్ కేక!

"వద్దు! వద్దు భాయ్! తప్పైంది! ఇంక మాట్లాడ!"

కట్!

సోమలింగానికి తన గొంతు మీద తనకే అసహ్యం వేస్తుంది. ఇరవై ఏళ్ళు లూముల మధ్య అరిచి అరిచి గుసగుస అంటే ఏంటో మర్చిపోయాడు. చెవులు సగం పోయాయి. తన మాట ఎంత గట్టిగా వస్తుందో తనకే తెలీదు. ఇంట్లో విజయరాణి రోజూ మొత్తుకుంటుంది... 'మెల్లగ మాట్లాడు, అమ్రోలి బస్తీ అంత ఇంటున్నది' అని. ఇప్పుడు రోడ్డు అవతలికి వినబడింది!

దరిద్రపు గొంతు.

ఎదురుగా స్క్రీన్ మీద బొమ్మ మారుతుంది. తెల్లటి వెలుగు రోడ్డంతా పరుచుకుంటుంది. కారు అద్దం వెనక ఓంప్రకాష్ మొహం మళ్ళీ కనబడుతుంది.

పెదాలు కదులుతున్నాయి!

చప్పుడు లేదు. అక్కర్లేదు కూడా. లూముల హోరులో ఎవడి మాటా ఎవడికీ వినబడదు. పెదాలు చూసే మాట్లాడుకుంటారు. బాబిన్‌లో దారం అయిపోయిందన్నా, బీడీ ఇయ్యమన్నా, సేఠ్ వస్తున్నాడన్నా అన్నీ పెదాలతోనే. అన్నదమ్ములకి అది అలవాటైన భాష.

కత్తి పట్టుకున్నవాడు ఫోన్ చూసుకుంటున్నాడు. వాడికేం తెలుసు?

'అన్నా.'

సోమలింగం కళ్ళు ఆర్పడు.

'సార్‌కు జాగా ఇయ్యకు. నా సంగతి ఇడిశిపెట్టు.'

పిచ్చోడా! ఎట్ల ఇడిశిపెడతరా నిన్ను?

'తుపాకి ఈ కార్ల లేదు. అది...'

పెద్ద బస్సు!

రోడ్డుకి అడ్డంగా ఆగింది. కంపెనీ బస్సు. కారు కనబడదు... తమ్ముడు కనబడడు... మాట సగంలోనే తెగిపోయింది.

తుపాకి ఎక్కడుంది? చెప్పురా! ఎక్కడ?

బస్సులోంచి ఒక మనిషి దిగుతున్నాడు. టోపీ, మాస్కు, చేతిలో ఫైలు.

వంశీధర్ సార్!

పెళ్ళికొడుకులా నడిచొస్తున్నాడు.

"హమ్మయ్య, అందుకున్నాను! రాత్రంతా ఇబ్బంది పడ్డావా సోమలింగం?"

సోమలింగం బుర్ర లూమ్ కంటే వేగంగా తిరుగుతోంది. జాగా ఇస్తే సార్ పోతాడు. సంగతి చెప్పి పంపేస్తే తమ్ముడు పోతాడు. మరి సారే కోపం వచ్చి తనంతట తాను వెళ్ళిపోతే? అప్పుడు తన తప్పు ఉండదు. వాళ్ళు ఇంకో రోజు చూసుకుందామనుకుంటారు. ఇద్దరూ బతుకుతారు...

తిట్టాలి! లైనంతటికీ అర్థమయ్యేలా హిందీలోనే, ముఖం మీద ఉమ్మినట్టు తిట్టాలి!

"ఎవరయ్య నువ్వు?"

వంశీధర్ నవ్వుతాడు. "మాస్కు ఉంది కదా, గుర్తుపట్టలేదా? నేనేనయ్యా!"

"ఎవలైతే నాకేంది? రాత్రంత నిలవడ్డది నేను. ఈ జాగ నాది. ఇయ్య! పో!"

"అదేంటి? నిన్ను పెట్టిందే నేను కదా?"

"ఏం పెట్టినవ్? ఏసీల పండుకుని ఇప్పుడొచ్చి కారు గావాల్నా? సిగ్గు లేదా?"

లైను మొత్తం తిరిగి చూస్తోంది. కొందరు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు.

సార్ చెవులు ఎర్రబడతాయి. కళ్ళలో కోపం కంటే బాధే ఎక్కువ కనబడుతోంది. సోమలింగం చూడలేక తల తిప్పుకుంటాడు.

"నీకు నేనేం తక్కువ చేశానయ్యా?"

"పోతవా, తన్నాల్నా? ఈ జాగలోకొస్తే సంపుత నిన్ను!"

అనేశాడు.

వంశీధర్ ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇంకొకటి. "సర్లే... నీ ఖర్మ. వెళ్తున్నాను."

పో సార్... పో! నీ కాళ్ళు మొక్కుత, ఎల్లిపో!

"అరే, ఆగండి సార్!"

జయంతీకాకా!

"ఇదెక్కడి అన్యాయం? ఇతను హజీరా సార్ కోసమే నిలబడ్డానని రాత్రి మా అందరికీ చెప్పాడు! ఇప్పుడు మాట మారుస్తాడా? ఇలాంటివి ఈ లైన్లో నడవవు!"

"అవును, నాకూ చెప్పాడు!" ముందున్న కుర్రాడు.

"బయటికి లాగండి వాణ్ణి!" వెనక నుంచి ఎవరో.

"వద్దు! నా మాటినండ్రి! నేను కదల! కాకా, జర ఆగు కాకా!"

వినరు. న్యాయం చేస్తున్నామని వాళ్ళ నమ్మకం. చొక్కా పట్టుకున్నారు. చేతులు పట్టుకున్నారు. రాత్రంతా పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన వాళ్ళే! సోమలింగం ముందువాడి బెల్టు పట్టుకుని వేలాడతాడు. ఒక్కొక్క వేలూ విప్పుతున్నారు.

"నా సంచీ ఇలా ఇచ్చి పో," అంటూ కాకా అతని భుజం మీది సంచీని లాక్కుంటాడు.

ఒక్క తోపు! సోమలింగం రోడ్డు పక్కన పడతాడు.

"రండి సార్. మీ జాగాలో నిలబడండి," అంటాడు కాకా ఎంతో మర్యాదగా.

వంశీధర్ నిలబడ్డాడు.

సరిగ్గా ఆ జాగాలోనే!

కంపెనీ బస్సు కదులుతుంది. మెల్లగా... మెల్లగా... తప్పుకుంటుంది.

తెల్ల కారు. అద్దం వెనక తమ్ముడు. పెదాలు పిచ్చిగా కదులుతున్నాయి.

'లైన్లనే ఉంది! మఫ్లర్ ముసలోడు! చెవుల పెట్టుకుని ఈళ్ళతోనే మాట్లాడుతున్నడు! తుపాకి ఆని సంచిల ఉంది!'

సోమలింగం చూపు కాకా చెవుల్లోని ఇయర్‌ఫోన్స్ మీదికి పోతుంది.

భజనలు కాదు. రాత్రంతా మఫ్లర్ కింద గొణిగింది భజనలు కాదు!

గార్డుకి చెప్పిన గుసగుస రోడ్డు దాటలేదు. వెనకున్నవాడు విన్నాడు, అంతే. బతుకులో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు... ఆ సంగతి తనకే తెలియలేదు!

కాకా చెయ్యి సంచీలోకి పోతోంది.

ఇప్పుడు అరవాలి. లూములన్నీ ఆగిపోయేంత గట్టిగా అరవాలి!

నోరు తెరుస్తాడు.

గొంతు రాదు.

లేస్తాడు. ఎగురుతాడు. సార్ మీదికి... సంచీ మీదికి...

ఢాం!

సంచీకి చిల్లు. పొగ. వంశీధర్ వచ్చి అతని చేతుల్లోనే పడతాడు. చేతిలోని ఫైలు జారి కాగితాలు రోడ్డంతా చెదురుతాయి. కాకా ఆ వేడి సంచీని సోమలింగం గుండెల మీదికి నెట్టి వెనక్కి దూకుతాడు.

ఏమీ వినబడదు.

చెవుల పక్కనే పేలింది. మిగిలిన సగం చెవులూ పోయాయి. లోకమంతా మూగబోయింది.

కాకా మఫ్లర్ జారిపోయింది. రాత్రి నుంచి మొదటిసారి ఆ పెదాలు కనబడుతున్నాయి.

'వీడే! వీడే చంపాడు!'

ముందున్న కుర్రాడి పెదాలు. 'చంపుతానన్నాడు! నా ఫోన్లో వీడియో ఉంది!'

ఇంకెవరివో పెదాలు. 'ఆ సంచీ రాత్రంతా వీడి భుజానే ఉంది!'

కాదు... కాదయ్యా... నేను కాపాడబోయిన!

తాను అరుస్తున్నాడో, గుసగుసలాడుతున్నాడో సోమలింగానికి తెలీదు. ఎవరూ వింటున్నట్టు లేరు. గార్డు మోకాలు వీపు మీద పడింది. చెంప రోడ్డుకి ఒత్తుకుంది. గుంపు కాళ్ళ మధ్య నుంచి కాకా చెప్పులు నింపాదిగా రోడ్డు దాటుతున్నాయి.

తెల్ల కారు తలుపు తెరుచుకుంది. మూసుకుంది. కారు కదిలింది.

అద్దం వెనక ఓంప్రకాష్. రెండు చేతులతో అద్దాన్ని బాదుతూ, లైను మొత్తానికి చెబుతున్నాడు.

'మా అన్న కాదు! మా అన్న కాదు!'

ఆ లైన్లో పెదాలు చదవగలిగినవాడు సోమలింగం ఒక్కడే.